పేరు అదే, టీమ్ అదేనా? హైదరాబాద్ ఫుట్‌బాల్ అంచనాల లెక్క

ఈ ఎపిసోడ్‌లో ఒక టీమ్ చరిత్రను కొంచెం వేరే దారిలో చూద్దాం. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారు, ఏ కప్పు గెలిచారు అనేది ఫోన్‌లో వెతికితే రెండు నిమిషాల్లో దొరుకుతుంది. నాకు కావాల్సింది ఇంకోటి. సీజన్ మొదలవ్వకముందు ఆ టీమ్ గురించి ఏం అనుకున్నాం, తర్వాత నిజంగా ఏం జరిగింది, ఈ రెండింటికీ మధ్య తేడా ఎంత? టీమ్ పేరు హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో పుట్టింది, 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తింది, 2025లో హైదరాబాద్ విడిచి వెళ్లిపోయింది. ఆరేళ్లలో ఇంత కథ నడిచింది.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం చెప్తున్నా, మాది కోసిగి. ఆదోని నుంచి మంత్రాలయం రోడ్ వైపు రైల్లో పోతుంటే దారిలో వచ్చే స్టేషన్. మా ఊళ్లో పిల్లోళ్లు ఆడేది క్రికెట్, కబడ్డీ, వాలీబాల్. ఫుట్‌బాల్ అంటే ఫోన్‌లో చూసేదే. బీటెక్ అయిపోయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి హైదరాబాద్ పోయినాకే గచ్చిబౌలి స్టేడియంలో కూర్చుని ఒక మ్యాచ్ పూర్తిగా చూశా.

కానీ అంచనా అనే విషయం మా వాళ్లకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. ఉగాది రోజు గుడి దగ్గర పంచాంగం చదువుతారు కదా. అది వినొచ్చినవాళ్లను "ఏమప్పా, ఈతూరి వాన ఎట్లుందంట?" అని అడిగే పెద్దాయన టైంపాస్‌కి అడగడు. పత్తి విత్తనాలు కొనాలా, అప్పు చేయాలా, లేదంటే ఇంటికి తాళం వేసి సంసారమంతా మిరపకాయల కోతకు గుంటూరు వైపు బండెక్కాలా అనేది వాన మీదనే ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఉగాది రోజు ఏం చదివారో దీపావళికి మళ్లీ తీసి సరిపోల్చి చూసినవాళ్లు నాకైతే ఇంతవరకు కనపడలేదు. చెప్పినోళ్లు మర్చిపోతారు, విన్నోళ్లూ మర్చిపోతారు.

అంచనాను సరిచూసే పద్ధతి కూడా వానల నుంచే వచ్చింది, అదొక తమాషా. గ్లెన్ బ్రయర్ అని అమెరికాలో ఒక వాతావరణ శాస్త్రవేత్త. వాన పడే అవకాశం ఇంత శాతం అని చెప్పేవాళ్లకు మార్కులు ఎలా వేయాలో 1950లో ఒక వ్యాసం రాశాడు. లెక్క చాలా తేలిక. నువ్వు 70 శాతం అన్నావు, అంటే 0.7. వాన పడితే 1, పడకపోతే 0. తేడా ఎంతో చూసి దాన్ని దానితోనే గుణించు. వాన పడితే తేడా 0.3, గుణిస్తే 0.09. పడకపోతే తేడా 0.7, గుణిస్తే 0.49. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. ఎప్పుడు అడిగినా "యాభై యాభై" అనేవాడికి 0.25 వస్తుంది. కాబట్టి సీజన్ మొత్తం మీద నీ సగటు 0.25 దాటిందంటే, నీకంటే నాణెం ఎగరేసుకున్నోడే నయం. "నూటికి నూరు శాతం గెలుస్తారు బ్రో" అని చెప్పి ఓడిపోతే పూర్తిగా 1 పడుతుంది. నూటికి నూరు అనేవాళ్లను ఈ లెక్క అంత గట్టిగా కొడుతుంది.

దీంట్లో రెండే షరతులు ఉన్నాయి. మ్యాచ్‌కి ముందే రాసిపెట్టాలి, అంకెలో రాసిపెట్టాలి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మ్యాచ్ ముందు "పక్కా ప్రిడిక్షన్" అని మెసేజ్ పంపే గ్రూపులు ఉంటాయి కదా, వాటిలో ఒక పాత మోసం నడుస్తుంది. 800 మందికి మెసేజ్ పంపిస్తారు. సగం మందికి ఒక టీమ్ గెలుస్తుందని, మిగతా సగానికి రెండో టీమ్ గెలుస్తుందని. తప్పు వెళ్లిన 400 మందిని వదిలేస్తారు. మిగిలిన 400 మందికి రెండో మ్యాచ్‌కీ అట్లాగే, మూడో మ్యాచ్‌కీ అట్లాగే. చివరికి 100 మంది మిగులుతారు. ఆ వంద మందికి ఆ పంపినోడు మూడుకి మూడు కరెక్ట్ చెప్పిన దేవుడు. నాలుగో దానికి ఫీజు అడుగుతాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. దేశం మొత్తానికి 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా మెసేజ్‌లు ఆగలేదని మీ ఫోన్లకే తెలుసు.

సరే, హైదరాబాద్ ఎఫ్‌సీకి వద్దాం. మేధావుల అంచనాలు అవసరం లేదు. నేను ఒక సోమరి రూల్ పెట్టుకున్నా: పోయిన సీజన్‌లో ఏ స్థానమో, ఈ సీజన్‌లోనూ అదే స్థానం. అంతే. వాతావరణం వాళ్లు కూడా ఈ పద్ధతి వాడతారు, రేపు కూడా ఈ రోజులాగే ఉంటుంది అని. టీవీలో కోటు వేసుకుని చెప్పే నిపుణుడు కనీసం ఈ సోమరి రూల్‌ను ఓడించాలి, లేకపోతే ఆ కోటు దండగ. ఈ రూల్‌ను ఒక్కో సీజన్‌కి పెట్టి చూశా.

2019–20 మొదటి సీజన్, పోయిన ఏడాది లెక్క లేదు. పుణె సిటీ క్లబ్ మూతపడితే దాని స్థానంలో ఈ టీమ్ వచ్చింది. కోల్‌కతాలో ఏటీకే మీద మొదటి మ్యాచ్, 5–0తో ఓటమి. 18 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండు, పాయింట్లు 10, పది టీమ్‌లలో పదో స్థానం. ఇంగ్లాండ్ నుంచి వచ్చిన కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే తీసేశారు.

2020–21కి సోమరి రూల్ చెప్పేది మళ్లీ పదో స్థానం. వచ్చింది ఐదు. 20 మ్యాచ్‌ల్లో 6 గెలుపులు, 11 డ్రాలు, 3 ఓటములు, 29 పాయింట్లు. కొంచెంలో ప్లేఆఫ్ పోయింది. ఏం మారింది? కోచ్ మారాడు. అప్పటికే కోచ్‌గా ఖాయమైన ఆల్బర్ట్ రోకా సీజన్ మొదలవ్వకముందే బార్సిలోనా పిలిస్తే వెళ్లిపోయాడు. ఆయన చోటికి మనోలో మార్కెజ్ వచ్చాడు, స్పెయిన్ మనిషి. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మహ్మద్ యాసిర్, లిస్టన్ కొలాసో లాంటి మన కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. బయట చూస్తే పసుపు జెర్సీ అదే, పేరు అదే. లోపల వేరే టీమ్.

2021–22కి రూల్ ఐదో స్థానం అంటుంది. వచ్చింది రెండు. 11 గెలుపులు, 5 డ్రాలు, 4 ఓటములు, 38 పాయింట్లు. ముప్పై ఏడేళ్ల నైజీరియా స్ట్రైకర్ బార్తొలొమ్యూ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ను రెండు మ్యాచ్‌లు కలిపి 3–2తో దాటారు. ఇక 2022 మార్చి 20, గోవాలోని ఫతోర్డా స్టేడియం, కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్.

ఈ ఫైనల్ దగ్గర కొంచెం ఆగుతా. కరోనా వల్ల ఆ రెండు సీజన్లూ అన్ని మ్యాచ్‌లూ గోవాలోనే జరిగాయి. అంటే హైదరాబాద్ టీమ్ ఛాంపియన్ అయిన సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అంచనా వేసేవాళ్లు మామూలుగా సొంత మైదానానికి కొంత బలం కలుపుతారు, ఇక్కడ కలపడానికి మైదానమే లేదు. ఫైనల్‌కి జనాన్ని అనుమతించారు, స్టాండ్లు కేరళ వాళ్లతో నిండిపోయాయి. ఆ సీజన్ లీగ్‌లో ఈ రెండు టీమ్‌లూ చెరొక మ్యాచ్ గెలిచి ఉన్నాయి. 68వ నిమిషంలో కేరళకు కె.పి. రాహుల్ గోల్ కొట్టాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా బాక్స్ బయట నుంచి కొట్టిన షాట్ నెట్‌లో పడింది, 1–1. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు ఆపాడు. 3–1, కప్పు మనది.

ఇప్పుడు బ్రయర్ లెక్క పెట్టండి. ఫైనల్‌కి ముందు ఒకడు "హైదరాబాద్ 60 శాతం" అన్నాడనుకోండి. కప్పు వచ్చింది కాబట్టి వాడికి 0.16. తవోరా షాట్ ఒక జానెడు పక్కకు పోయుంటే అదే మనిషికి 0.36. వాడి తెలివి మారలేదు, వాడు చూసిన విషయాలు మారలేదు, బంతి జానెడు జరిగింది అంతే. అందుకే ఒక్క మ్యాచ్ చూసి "వీడు తోపు" అనీ, "వీడికేం తెలీదు" అనీ అనడం అన్యాయం. 2010 వరల్డ్ కప్‌లో పాల్ అనే ఆక్టోపస్ ఎనిమిదికి ఎనిమిది సరిగ్గా చెప్పింది, గుర్తుందా? నాణేన్ని ఎనిమిది సార్లు ఎగరేస్తే అన్నీ బొమ్మ పడే అవకాశం 256లో ఒకటి. లోకంలో జంతువులతో జోస్యం చెప్పించేవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కేస్తే, ఎక్కడో ఒక ఆక్టోపస్ హిట్ అవ్వక తప్పదు.

2022–23కి రూల్ చెప్పింది రెండు. వచ్చిందీ రెండే. 13 గెలుపులు, 42 పాయింట్లు. సోమరి రూల్ మొదటిసారి గెలిచింది. ఎందుకు? మనోలో ఉన్నాడు, ఒగ్బెచే ఉన్నాడు, జట్టులో ముఖ్యమైనవాళ్లు చాలామంది అలాగే ఉన్నారు. సెమీస్‌లో మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లూ గోల్ లేకుండా ముగిసి, పెనాల్టీల్లో పోయింది. అయినా మంచి సీజనే.

2023–24కి ఏం చెప్తుంది? రెండో స్థానం. రెండేళ్లు వరసగా రెండు వచ్చిన టీమ్‌కి ఎవరైనా అదే అంటారు. వచ్చింది పన్నెండు. పన్నెండు టీమ్‌లలో పన్నెండు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, అది కూడా 2024 మార్చిలో చెన్నయ్యిన్ మీద 1–0తో. పాయింట్లు 8. సీజన్ మొత్తానికి కొట్టిన గోల్స్ 10. రెండేళ్ల కింద ఒగ్బెచే ఒక్కడే కొట్టింది 18.

మ్యాచ్‌కి సగటు పాయింట్లు చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మొదటి ఏడు 0.56, తర్వాత 1.45, 1.9, 2.1, ఆ తర్వాత 0.36. ఐదేళ్ల గ్రాఫ్ గీస్తే మా ఊరి దగ్గర గుట్ట లాగా ఉంటుంది, ఒక పక్క మెల్లగా ఎక్కాలి, రెండో పక్క నేరుగా కిందికే.

దీన్ని ముందే పట్టుకోవచ్చా? పట్టుకోవచ్చు అనేది నా లెక్క. కానీ పాయింట్ల పట్టిక చూస్తే దొరకదు. మనోలో ఎఫ్‌సీ గోవాకి వెళ్లిపోయాడు. ఒగ్బెచే లేడు. ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి వెళ్లాడు. వీటన్నిటికంటే పెద్ద విషయం జీతాలు. ఆటగాళ్లకు, సిబ్బందికి డబ్బులు ఆగిపోయాయి, బకాయిల కేసుల్లో ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పెట్టింది. 2024 జనవరికి చింగ్లెన్‌సనా సింగ్, నిఖిల్ పూజారి, యాసిర్ లాంటివాళ్లు ఒక్కొక్కరుగా వేరే క్లబ్‌లకు వెళ్లిపోయారు. విదేశీ ఆటగాళ్లలో చివరిదాకా మిగిలింది బ్రెజిల్ నుంచి వచ్చిన జొవావో విక్టర్ ఒక్కడే. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో చేతిలో మిగిలింది ఎక్కువగా చిన్న కుర్రాళ్లు. వాళ్లను నేను ఒక్క మాట అనను. నెల జీతం వస్తుందో లేదో తెలియకుండా మైదానంలో దిగి తొంభై నిమిషాలు పరుగెత్తడం అంటే ఏంటో ఉద్యోగం చేసే ఎవరికైనా అర్థమవుతుంది.

సోమరి రూల్ లోపల ఒక చిన్న నమ్మకం దాక్కుని ఉంది. పేరు అదే కాబట్టి టీమ్ కూడా అదే అనే నమ్మకం. అది నిజమైన ఏడాది రూల్ గెలుస్తుంది, కానప్పుడు ఓడుతుంది.

ఇది ఈ క్లబ్‌తో పుట్టిన కథ కూడా కాదు. అదే హైదరాబాద్‌లో అరవై ఏళ్ల వెనక్కి పోదాం. మన షీట్‌లో పేరు అలాగే ఉండి టీమ్ కూలిపోయింది. అప్పుడు జరిగింది దానికి తలకిందులు.

సయ్యద్ అబ్దుల్ రహీం పేరు 2024లో వచ్చిన మైదాన్ సినిమా చూసినవాళ్లకు తెలుసు. హైదరాబాద్‌లో టీచర్‌గా పనిచేసిన మనిషి. ఆయన కోచ్‌గా ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అంటే అక్కడ బ్రయర్ అంచనాలకు మార్కులు వేసే లెక్క రాస్తున్న ఏడాదే, ఇక్కడ మొదటి కప్పు. ఆ ఐదేళ్లూ మన సోమరి రూల్ పెట్టుకున్నోడికి పండగే.

కానీ ఇండియా టీమ్ విషయం చూడండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10–1తో ఓడించింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో సెమీఫైనల్, మళ్లీ అదే యుగోస్లావియా. దానికి ముందు మ్యాచ్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి వచ్చారు, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. పోయినసారి స్కోరు చూసి అంచనా వేసేవాడు ఏం రాస్తాడో చెప్పక్కర్లేదు. సెమీస్‌లో ఫస్టాఫ్ 0–0. సెకండాఫ్‌లో మొదటి గోల్ మనది. చివరికి 4–1తో ఓడిపోయాం, మొత్తం మీద నాలుగో స్థానం వచ్చింది. ఓటమి ఓటమే, కానీ పదికీ నాలుగుకీ మధ్య తేడా రహీం పని. ఆ ఒలింపిక్ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం లాంటి హైదరాబాద్ వాళ్లు ఉన్నారు.

ఇక 1962, జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 ఓటమి. ఆ కొరియా అప్పటికి జరిగిన రెండు ఏషియన్ కప్‌లూ, 1956, 1960, గెలిచిన టీమ్. తర్వాత థాయిలాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3–2తో దాటి ఫైనల్‌కి వస్తే, అక్కడ మళ్లీ కొరియానే. అది చాలదన్నట్టు స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదని భారత ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. సుమారు లక్ష మంది ఈలలు, గోల. రహీంకు క్యాన్సర్.

ఆ రోజు షీట్‌లో అంకె రాయమంటే కొరియాకు 70, 75 రాసినా తప్పు పట్టలేం. చేతిలో ఉన్న సమాచారంతో అది బుద్ధిగల అంచనానే. కానీ రహీం దించిన టీమ్ మొదటి మ్యాచ్‌లో ఓడిన టీమ్ కాదు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు ముందు మ్యాచ్‌లో దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అట్లాంటి మనిషిని కూర్చోబెట్టకుండా ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ ఫైనల్‌కి గోల్ కీపర్‌గా తిరిగొచ్చాడు. 1962 సెప్టెంబర్ 4న, 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో అదే జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. కొరియా చివర్లో ఒకటి తిరిగి ఇచ్చింది. 2–1, బంగారం. రహీం తర్వాతి ఏడాది జూన్‌లో చనిపోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకు మళ్లీ బంగారం రాలేదు.

1962లో రూల్‌ను తప్పించింది ఒక కోచ్ బుర్ర. 2023లో తప్పించింది ఖాళీ అయిన ఖాతా. రెండూ పాత స్కోర్లలో కనపడవు. అందుకే ఇప్పుడు నా షీట్‌లో ఒక కొత్త కాలమ్ పెట్టా. పోయిన సీజన్ ఆడినవాళ్లలో ఎంతమంది మిగిలారు, కోచ్ ఎవరు, జీతాలు పడుతున్నాయా. ఈ మూడింటికీ జవాబు రాసినాకే శాతం గడిలో అంకె వేయాలి. మీరు ఐపీఎల్‌కైనా, ప్రో కబడ్డీకైనా ఇదే పెట్టుకోవచ్చు. మొదటి రెండూ ఈజీగా దొరుకుతాయి. మూడోది వార్తల్లో మూలన ఎక్కడో ఉంటుంది, వెతకాలి.

మిగిలిన లెక్క పూర్తి చేస్తా. 2024–25కి ముందు క్లబ్‌ను జిందాల్ గ్రూప్ ఒకటి, బి.సి. జిందాల్ గ్రూప్, తీసుకుంది. రూల్ చెప్పింది పన్నెండు, వచ్చిందీ పన్నెండే, ఈసారి పదమూడు టీమ్‌లలో. 24 మ్యాచ్‌లకు 18 పాయింట్లు. అంటే ఐదు సీజన్లలో సోమరి రూల్ రెండుసార్లు సరిగ్గా కొట్టింది, మూడుసార్లు తప్పింది. తప్పిన దూరాలు 5, 3, 10. ఐదేళ్లకు సగటు తీస్తే 3.6 స్థానాలు.

2025–26కి రూల్ ఏం చెప్పాలో దానికే తెలియదు. 2025 అక్టోబర్‌లో క్లబ్ ఢిల్లీకి మారిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టుకుంది. ఆ పన్నెండో స్థానాన్ని ఢిల్లీ వరసలో రాయాలా వద్దా అని ఫ్రెండ్స్ మధ్య పెద్ద గొడవే నడిచింది. నేనైతే రాయనన్నా. గచ్చిబౌలిలో పసుపు జెర్సీ వేసుకుని కూర్చున్న పిల్లోడికి ఢిల్లీ టేబుల్‌తో సంబంధం లేదు.

హైదరాబాద్ పేరుకు కాకపోయినా, ఆ ఊళ్లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఇంకా ఉంది. శ్రీనిధి దక్కన్ ఎఫ్‌సీ ఐ-లీగ్‌లో 2021–22లో మూడో స్థానం, 2022–23లో రెండు, 2023–24లో మళ్లీ రెండు. సోమరి రూల్‌కి అక్కడ మార్కులు బాగానే పడతాయి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ షీట్ తెరుద్దాం. అప్పటిదాకా ఉంటా మరి.